ఎర్ర పువ్వు మావయ్య

కిందటి వారం బొమ్మలక్కని లైబ్రరీ మెట్ల మీద, చంకలో కొత్త పుస్తకంతో వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. లోపలికి తీసుకెళ్దాం పదండి. కాకపోతే ఈ వారమే మనతో కలిసినవాళ్ళు బిక్కమొహం వేసుకుని చూస్తారు కాబట్టి, వాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు.

దేశం మొత్తానికి మొట్టమొదటి భూగర్భ రైలు స్టేషన్ తెరిచిన రోజున లోపల పొగ కమ్మింది. అప్పుడు తూర్పు మెట్ల షట్టర్ కిందికి దించి ఉంది. ఆ మెట్ల మీద ఊపిరాడక పోయిన జనంలో బొమ్మలక్క చెల్లెలు ఒకతె. ఒంట్లో బాగాలేని చంటిపిల్లని అక్క ఒళ్ళో పెట్టి, "మా ఆయన పనిచేసే స్టేషన్ కదక్కా, ఒక్కసారి చూసొస్తా. ఆయనకి ఫోన్ చేసి చెప్పేయకు. ఎదురుగా వెళ్ళి నిలబడి హడలగొడతా" అని నవ్వుతూ వెళ్ళింది. ఆ తర్వాత ఆమె గొంతు ఫోన్లో మాత్రమే వినపడింది. "అక్కా, పొగొస్తోందే. కోటుకి ఎర్ర పువ్వు పెట్టుకున్న పెద్దాయన మా మొహాల ముందే షట్టర్ దించేసి వెళ్ళిపోయాడు. ఇంతమందిమి పట్టి లాగుతున్నా లేవట్లేదక్కా..." అంతే. ఫోన్ ఆగిపోయింది.

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలన్నారు. విచారణకి కూర్చున్న పెద్దలు మాత్రం తప్పు లేకుండానే పొగ వచ్చిందని తేల్చారు. వైర్లు కాలాయట, షట్టర్ దానంతట అదే జారిందట. బొమ్మలక్క వెళ్ళి ఫోన్ సంగతి చెబితే, "అంత పొగలో పువ్వు రంగు కూడా కనపడిందా అమ్మా?" అని ఒకాయన పెన్ను మూతతో చెవి గోక్కున్నాడు.

ఆ రోజు అధికారులందరూ కోటుకి తెల్ల పువ్వు పెట్టుకున్నారు. ఎర్ర పువ్వు ఒక్కడికే. స్టేషన్ పెద్ద అధికారికి. ఆయన తర్వాత రిటైరయ్యాడు, గడ్డం పెంచాడు, పిల్లల కథలు రాయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు దేశమంతా ఆయన్ని కథల తాతయ్య అని పిలుస్తుంది. ఏటా ఆ రోజున ప్రతి బడిలోనూ పిల్లలు లేచి మౌనంగా నిలబడతారు, ఎందుకు నిలబడ్డారో వాళ్ళకి తెలీదు. వాళ్ళకి అర్థమయ్యేలా ఒక బొమ్మల పుస్తకం రాయమని ప్రభుత్వం ఎవరిని అడిగిందనుకున్నారు? ఆయన్నే. దొంగ చేతికే తాళాలు. ఆయన 'పొగ రాక్షసి' అని రాశాడు. బొమ్మలు మాత్రం ఫలానా ఆవిడే వెయ్యాలని పట్టుబట్టి మరీ బొమ్మలక్కని పిలిపించుకున్నాడు, ఆవిడ ఎవరో తెలీక. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఇక పదండి లోపలికి.

పిల్లల గది మేడ మీద ఉంది. కిటికీల కింద పొట్టి బీరువాలు, పిల్లల చేతికందే ఎత్తులో పుస్తకాలు, నేల మీద గదంతా పరిచిన చాప. పిల్లలు చాప మీద సర్దుకుంటున్నారు, అంటే ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు. పేపరు నుంచి వచ్చిన అమ్మాయి ఫోన్ ఎత్తి పట్టుకుని రికార్డు చేస్తోంది. గుమ్మం దగ్గర, లోపలికి రాకుండా బయటికి పోకుండా, కూతురి నీళ్ళ సీసా పట్టుకుని పిచ్చుక నాన్న నిలబడి ఉన్నాడు.

పిచ్చుక అంటే ఆనాటి చంటిపిల్లే. ముందు పళ్ళు ఊడాయి గానీ నోరు మాత్రం ఆ ఖాళీలోంచి ఇంకా జోరుగా వస్తోంది. అమ్మ స్టేషన్లో పోయిందని తెలుసు, ఎలా పోయిందో తెలీదు. అడిగినప్పుడల్లా పెద్దమ్మ "నీకు చదవడం వచ్చాక చెబుతా" అని తప్పించుకునేది. తీరా చదవడం వచ్చేసరికి ఈ పుస్తకం వచ్చింది. ఇందులో పిచ్చుక చదవబోయే మాట ఏమిటో తెలుసా? 'పొగ రాక్షసికి కోపం వచ్చింది. షట్టర్ దానంతట అదే జారింది. అది ఎవరి తప్పూ కాదు పిల్లలూ.'

ఆ వాక్యం మొదటిసారి చదివిన రోజు బొమ్మలక్క టీ అనుకుని బ్రష్షులు కడిగిన నీళ్ళు గుక్కెడు తాగేసింది. నోరంతా రంగు. ఉమ్మేస్తూ ఆ రోజే నిశ్చయించుకుంది. 'చెల్లెల్ని చంపింది చాలక, దాని కూతురి నోటితోనే ఎవరి తప్పూ లేదని వల్లె వేయిస్తావా? కోర్టుకి దొరకలేదు కదూ నువ్వు. ఉండు, నిన్ను పిల్లల చాప మీదికి లాగుతాను.'

గుమ్మంలో ఉన్న మరిదికి ఈ సంగతేదీ ఆవిడ చెప్పలేదు. అతను ఆ రోజు స్టేషన్లో డ్యూటీలోనే ఉన్నాడు. "నేను పడమటి వైపున్నాను వదినా" అని ఒకే ఒక్కసారి అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఉద్యోగం మానేసి స్కూలు వ్యాను తోలుకుంటున్నాడు. దుఃఖం మనిషిని మూగవాణ్ణి చేసిందని ఆవిడ జాలిపడి, ఇన్నేళ్ళూ అతనికీ పిల్లకీ కలిపి వండి పెడుతోంది.

కథల తాతయ్య వచ్చాడు. తెల్ల గడ్డం, నలగని కోటు, పక్కన మనవడు. పిల్లలందరికీ చెయ్యూపుతూ వచ్చి, "ఏం బొమ్మల తల్లీ, రంగుల్లో ఎలా వచ్చింది మన రాక్షసి?" అన్నాడు.

"మీరే చూస్తారుగా సార్. రంగులేస్తే దేని అసలు మొహం అది బయటపడుతుంది."

ఆయన నవ్వాడు. నిజంగానే ఆయన రంగుల్లో చూడలేదు. అచ్చుపనిలో అది మామూలే. రచయితకి పంపే ప్రూఫులు నలుపు తెలుపుల్లో వెళ్తాయి. ఆయన చూసుకోవలసింది అక్షరం. రంగుల సంగతి బొమ్మలు వేసినవాళ్ళు ప్రెస్సులో నిలబడి చూసుకుంటారు. ఆయన ఒత్తులూ దీర్ఘాలూ శ్రద్ధగా దిద్దాడు. ప్రతి బొమ్మలోనూ గుంపు మధ్య బూడిద రంగు కోటు మనిషి ఒకడున్నాడు, ఆ కోటు మీద ఒక బూడిద రంగు చుక్క ఉంది. అక్షరాల మనిషికి చుక్క కనపడుతుందా? పైగా షట్టర్ బొమ్మ చూసి మెచ్చుకున్నాడు కూడా. "జారుతున్న షట్టర్ని ఆపబోతున్న మనిషిని పెట్టావు. భలే. మానవత్వం ఉంది ఇందులో" అన్నాడు. బొమ్మలక్క తలొంచుకుని, "అవును సార్, మానవత్వం కోసమే" అంది. రంగు పడిన రోజున ఆ చుక్క ఎర్రగా విచ్చుకుంది.

లైబ్రరీ మేడమ్ చప్పట్లు కొట్టింది. చేతిలో పొడుగాటి అట్టముక్క ఉంది.

"కొత్తగా వచ్చినవాళ్ళకి మన రూలు ఎవరు చెబుతారు?"

"నేను!" పిచ్చుక లేచేసింది. "ముందు అక్షరాలు మూసేస్తాం. బొమ్మలు చూసి కథ మేమే చెబుతాం. అయ్యాక రాసినవాళ్ళు చదువుతారు. మధ్యలో పెద్దవాళ్ళు మాట్లాడితే బయటికి పంపించేస్తాం."

"బయటికి పంపడం రూల్లో లేదమ్మా."

"పెడదాం మేడమ్!"

వెనక కుర్చీల్లో నవ్వులు. చదవడం రాని పిల్లలు, వచ్చినవాళ్ళ ముందు చిన్నబుచ్చుకోకూడదని మేడమ్ ఎప్పుడో పెట్టిన పద్ధతి అది. బొమ్మలక్కకి తెలుసు. ఆ పద్ధతి కోసమే మొదటి కాపీ ఇక్కడే చదివించాలని పట్టుబట్టి సాధించింది.

"అదేంటమ్మా, నేను రాసినదానికి ముసుగా?" అన్నాడు తాతయ్య.

"మంత్రిగారు తన పుస్తకం తెచ్చినప్పుడూ ఇంతే తాతయ్యగారూ. ఆయన రాసినదానికంటే పిల్లలు చెప్పిన కథే బాగుంది" అంది మేడమ్. తాతయ్య నవ్వాడు, పేపరమ్మాయి ఫోన్ కేసి చూసి ఇంకొంచెం నవ్వాడు, పొట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

మేడమ్ అక్షరాల మీద అట్టముక్క అదిమి పట్టుకుంది. బొమ్మలక్క మొదటి పేజీ తెరిచింది. కొత్త స్టేషన్, బుడగలు, బ్యాండు మేళం, బారులు తీరిన జనం.

"పెళ్ళి!" అన్నాడు చాప చివర ఒకడు.

"పెళ్ళయితే పెళ్ళికూతురేదిరా? రైలుంది చూడు. స్టేషన్ అది" అంది కళ్ళజోడు పిల్ల. "ఇక్కడ కోట్లేసుకున్నవాళ్ళందరికీ తెల్ల పువ్వులున్నాయి. ఈయనొక్కడికే ఎర్ర పువ్వు."

"ఎర్ర పువ్వు మావయ్య" అంది పిచ్చుక. పేరు పెట్టడంలో అది దిట్ట. చాపంతా ఆ పేరు పాకిపోయింది.

బొమ్మలక్క ఓరకంట చూసింది. తాతయ్య మొహంలో నవ్వు ఉంది గానీ కళ్ళు పుస్తకం మీదికి కొంచెం ముందుకొచ్చాయి. 'చూడు. దగ్గరగా వచ్చి చూడు. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూడు' అనుకుంది ఆవిడ.

రెండో పేజీ. మెట్లు, మెట్ల నిండా జనం. భుజాల మీద పిల్లలు, చేతుల్లో సంచులు, పసుపు చీర కట్టుకున్న ఒకావిడ అందరికంటే ముందు నవ్వుతూ. ఎర్ర పువ్వు మావయ్య పైన నిలబడి, చిరాగ్గా చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"మావయ్యకి ఆలస్యమైపోతోంది."

"ఒంటికొచ్చిందేమో" అన్నాడు చివరివాడు. మేడమ్ ఎంత చెప్పినా నవ్వులు ఆగలేదు.

"ఈ పసుపు చీరావిడ బాగుంది పెద్దమ్మా" అంది పిచ్చుక. ఆ మొహం గీయడానికి పట్టిన ఏడుపు బొమ్మలక్కకే తెలుసు. పేజీ తిప్పేసింది.

మూడో పేజీ. షట్టర్. సగం దిగి ఉంది. ఎర్ర పువ్వు మావయ్య రెండు చేతులూ దాని మీద ఉన్నాయి. అవతల జనం కాళ్ళు, పసుపు చీర అంచు. వాళ్ళ వెనకాల సన్నగా పొగ.

"దుకాణం మూసేస్తున్నాడు."

"కాదు, ఎత్తుతున్నాడు! వాళ్ళు బయటికి రావాలిగా" అన్నాడు తాతయ్య మనవడు. ముద్దుగా, బొద్దుగా ఉంటాడు. మోకాళ్ళ మీద లేచి మరీ వాదిస్తున్నాడు. "నేనైతే ఎత్తుతా. పొగొస్తుంటే ఎవరైనా ఎత్తుతారు."

"దించుతున్నాడు!"

"ఎత్తుతున్నాడు!"

చాప రెండు ముక్కలైపోయింది. తాతయ్య సందు చూసుకుని, "మా వాడు కరెక్టు. ఆయన పాపం ఆపడానికి..." అన్నాడో లేదో, పిల్లలందరూ ఒక్కసారిగా, "రూలు! రూలు!" అని అరిచారు. ఆయన నోరు మూసుకున్నాడు. జీవితంలో ఎప్పుడు మూశాడో ఆ నోరు అలా. బొమ్మలక్కకి కడుపు చల్లబడ్డట్టయింది. విచారణలో తనని ఇలాగే మూయించారు. అప్పుడు పెద్దలు, ఇప్పుడు పళ్ళూడిన పిల్లలు.

"తర్వాతి బొమ్మ చూస్తే తెలిసిపోతుందిగా, ఎందుకు కొట్టుకోవడం?" అంది కళ్ళజోడు పిల్ల.

నాలుగో పేజీ తిరిగింది.

షట్టర్ నేల దాకా దిగి ఉంది. కింద, ప్రూఫులో నల్ల మచ్చగా కలిసిపోయిన తాళం ఇప్పుడు ఇత్తడి రంగులో మెరుస్తోంది. సందుల్లోంచి పొగ, చేతివేళ్ళు. ఎర్ర పువ్వు మావయ్య ఇటు తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోతున్నాడు, ఒక భుజం కాస్త కిందికి వాల్చి.

ఈసారి చివరివాడు కూడా జోకు వెయ్యలేదు.

"దించాడు" అంది కళ్ళజోడు పిల్ల మెల్లిగా.

"తాళం కూడా ఉంది."

"అరే, లోపల మనుషులున్నారుగా! వాళ్ళు పిలుస్తున్నారుగా, వినపడలేదా ఆయనకి?"

"చెవుడేమో."

"చెవుడైతే కళ్ళుంటాయిగా!"

మనవడు మాత్రం పుస్తకానికి ముక్కు తగిలేంత దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు. చాలాసేపు చూశాడు. వెనక్కి తిరిగి, "తాతా, ఈయన నీలాగే భుజం వాల్చుకుని నడుస్తున్నాడు" అన్నాడు. వాడి గొంతులో నేరం మోపడం లేదు, ఆశ్చర్యమే ఉంది.

ఎవరో ఒక తల్లి నవ్వబోయి ఆపుకుంది. పేపరమ్మాయి ఫోన్ పుస్తకం మీంచి తాతయ్య మొహం మీదికి జరిగింది.

ఇంకా ఒక్క పేజీ ఉంది. అందులో తెల్ల గడ్డం మావయ్య బల్ల ముందు కూర్చుని కథ రాసుకుంటూ ఉంటాడు. కోటుకి అదే ఎర్ర పువ్వు. మొహం పేజీ అంత. ప్రూఫులో చూసినప్పుడు ఆయన దాన్ని రచయిత బొమ్మ అనుకుని మురిసిపోయాడు. ఆ బొమ్మని బొమ్మలక్క కసిగా, ముడత ముడతా గీసింది. ఆ పేజీ తిరిగితే ఇక పోలికలు వెతుక్కునే పని ఎవరికీ ఉండదు. అదే పుస్తకం బడిబడికీ వెళ్తుంది.

తాతయ్య లేచాడు. నవ్వుతూనే లేచాడు, మేకపోతు గాంభీర్యం. "గొంతు ఎండిపోయింది పిల్లలూ. బొమ్మల తల్లితో ఒక్క మాట మాట్లాడి, నీళ్ళు తాగి వస్తాను. మాట్లాడొచ్చా? పర్మిషనేనా?"

"నీళ్ళకైతే పర్మిషన్" అంది పిచ్చుక. "నాన్నా, నా సీసా మాత్రం ఇవ్వకు!"

కిటికీ పక్కన మంచినీళ్ళ కుండ దగ్గర బొమ్మలక్క పుస్తకం గుండెకి అదుముకుని నిలబడింది. ఆయన గ్లాసు పట్టుకుని, చూసేవాళ్ళకి నవ్వు కనపడేలా నిలబడి, పళ్ళ మధ్యనుంచి అడిగాడు.

"ఎవరు నువ్వు?"

"పసుపు చీరావిడకి అక్కని."

"ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని టీ తాగావు."

"తాగాను. మీ ఇంటి టీ విషంలా ఉండేది. అయినా తాగాను సార్. మీ భుజం ఎటు వాలుతుందో చూసి గీసుకోవాలిగా."

"పిల్లల్ని అడ్డం పెట్టుకుని నా మీద కక్ష తీర్చుకుంటావా? సిగ్గులేదూ?"

"మీరు పిల్లల్ని అడ్డం పెట్టుకుని దాక్కోలేదూ? ఇంత గడ్డం వెనకాల, ఇన్ని కథల వెనకాల? మీ కథతోనే మిమ్మల్ని బయటికి లాగాను. చివరి పేజీ తిప్పగానే మీ మనవడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాడు. దానికి మీరేం చెబుతారో చూద్దామనే బతికున్నాను."

ఆయన గ్లాసు నింపుకున్నాడు. మళ్ళీ మాట్లాడేటప్పటికి గొంతు మారిపోయింది. ఆఫీసులో కింది ఉద్యోగితో మాట్లాడే గొంతు.

"తాళం గీశావు. తాళం సంగతి బయటికి రానివ్వలేదే. ఎవరు చెప్పారు నీకు?"

"ఇంతమంది లాగినా లేవట్లేదంది నా చెల్లెలు. తాళం లేకపోతే ఎందుకు లేవదు?"

"తెలివైనదానివే. ఉంది, తాళం ఉంది. షట్టర్ దించింది నేనే, కాదనను. కిందినుంచి జనం తోసుకొస్తున్నారు, పైన పెద్దలు కార్లు దిగుతున్నారు. దించాను, వెళ్ళిపోయాను. దించిన షట్టర్ని నలుగురు కలిసి ఎత్తొచ్చు. తాళం వేసిందాన్ని ఎత్తలేరు." ఆయన ఒక గుక్క తాగాడు. "తూర్పు మెట్ల తాళాల డ్యూటీ ఆ రోజు ఎవరిదో తెలుసా నీకు?"

బొమ్మలక్క పుస్తకాన్ని ఇంకా గట్టిగా అదుముకుంది.

"అదుగో, ఆ గుమ్మంలో నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డవాడిది. మెట్లెక్కి వస్తూ చూడగానే గుర్తుపట్టాను. వాణ్ణి ఆ వాగుడుకాయ పిల్ల నాన్నా అంది, నిన్ను పెద్దమ్మా అంది. ఇప్పుడు లెక్క కుదిరింది."

"అబద్ధం. అతను పడమటి వైపున్నాడు."

"అలాగని వాడు చెప్పాడా? మంచిది. వాడి నోట్లో నేనూ, నా నోట్లో వాడూ గుడ్డలు కుక్కుకుని కూర్చున్నాం ఇన్నాళ్ళూ. నువ్వు పేజీ తిప్పు తల్లీ, తిప్పు. పిల్లలు చెప్పడం అయ్యాక నా వంతేగా, మీ రూలు ప్రకారం. ఆ తాళం ఎవరేశారో కథ నేను చెబుతాను. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చెబుతాను."

బొమ్మలక్క గుమ్మం వైపు చూసింది. అబద్ధమైతే అతని మొహమే చెబుతుందని చూసింది. మరిది ఆవిడని చూడట్లేదు. దూరం నుంచి ఆవిడ చేతుల్లో ఉన్న పుస్తకాన్నే చూస్తున్నాడు. నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు, బిగిస్తున్నాడు, తిప్పుతున్నాడు. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నిజం.

ఒక్క క్షణంలో ఆవిడ కోపం గదికి ఈ మూల నుంచి ఆ మూలకి ఉరికింది. ఇన్నేళ్ళు వండి పెట్టిన చెయ్యి. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి. 'నా చెల్లెలి పీకకి తాళం వేసిన చేతికా నేను కంచం అందించింది?' ఆ సీసా లాక్కుని మొహాన కొట్టాలనిపించింది. ముసలాణ్ణి వదిలి ముందు వీణ్ణి ఈ చాప మీద నిలబెట్టాలనిపించింది. అందుకు ఆవిడ ఏమీ చెయ్యనక్కర్లేదు. పేజీ తిప్పితే చాలు. మిగతా పని ముసలాడే చేసిపెడతాడు. ఇద్దరూ ఒక్క దెబ్బకి పోతారు.

కానీ చాప మధ్యలో పిచ్చుక ఉంది. దానికి ఉన్నదల్లా ఒక నాన్న, ఒక పెద్దమ్మ.

"పెద్దమ్మా! నీళ్ళు తాగడానికి ఇంతసేపా? పేజీ తిప్పు!"

బొమ్మలక్క పుస్తకం పట్టుకుని చాప దగ్గరికి వచ్చింది. తాతయ్య వెనకే వచ్చి తన పొట్టి కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు. గెలిచిన మనిషి కూర్చునే తీరు అది. పుస్తకం నాలుగో పేజీ దగ్గరే తెరుచుకుంది. చివరి పేజీ అంచు ఆవిడ వేళ్ళ మధ్య ఉంది. వేళ్ళు కదలడం లేదు. మూసెయ్యాలి. కడుపు నొప్పని చెప్పి పుస్తకం మూసేసి, పిల్లని ఎత్తుకుని ఇంటికి పోవాలి. ఇన్నేళ్ళ కసి ఈ ముసలాడి కాళ్ళ దగ్గర పారేసి పోవాలి. ఆవిడ పుస్తకం మెల్లిగా మూయబోయింది.

"మూయకు వదినా."

గుమ్మం దగ్గర్నుంచి గొంతు. తల్లిదండ్రులందరూ తిరిగి చూశారు. పిచ్చుక నాన్న లోపలికి వచ్చాడు. పిల్లల కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా అడుగులు వేస్తూ వచ్చి, చాప మీద కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నాన్నా, పెద్దవాళ్ళు మాట్లాడకూడదు. రూలు" అంది పిచ్చుక గుసగుసగా.

"ఒక్కటే మాట అమ్మా." అతను వేలు చాచి పేజీ మీద పెట్టాడు. షట్టర్ కింద, తాళం పక్కన, ఖాళీగా ఉన్నచోట. "ఈ బొమ్మ పూర్తి కాలేదు వదినా. ఇక్కడ ఇంకో మనిషుండాలి. తాళం దానంతట అది పడదు కదా."

"అవును కదా! నేనూ అదే అనుకున్నా" అన్నాడు మనవడు.

తాతయ్య కాలు మీద కాలు తీసేశాడు. సంచీ అందుకున్నాడు. "మేడమ్, నాకు వేరే పనుంది, ఈ తమాషా..." అంటూ లేవబోయాడు. మనవడు ఆయన కోటు అంచు పట్టుకుని వేలాడాడు. "కూర్చో తాతా, కథ అవ్వలేదు!" ఆయన వదిలించుకోబోయాడు, వాడు వదల్లేదు. పేపరమ్మాయి ఫోన్ ఆయన్నే చూస్తోంది. ఆయన కూర్చున్నాడు.

"ఇక్కడ ఎవరుండాలి నాన్నా?" పిచ్చుక తండ్రి వేలు పట్టుకుని అడిగింది. "ఎవరేశారు తాళం?"

అతను కూతురి మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ అద్దంలో కూడా చూసుకోలేని మనిషి చూసినట్టు చూశాడు.

"నేనేశాను."

బొమ్మలక్కకి అతని పీక పట్టుకోవాలన్న కసి అలాగే ఉంది, రవ్వంత తగ్గలేదు. కానీ తను నోటితో అడిగే అవసరం లేకుండా ఆ మనిషి నడిచొచ్చి కూతురి ముందు కూర్చున్నాడు. మేడమ్ చేతిలోంచి అట్టముక్క జారి, దాని కింది అక్షరాలు బయటపడ్డాయి. పిచ్చుక వంగి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"షట్టర్... దానంతట... అదే... జారింది. అది ఎవరి... తప్పూ... కాదు... పిల్లలూ."

తండ్రిని చూసింది. మళ్ళీ ఆ వాక్యం చూసింది. పెద్దమ్మ చేతుల్లోంచి పుస్తకం తీసేసుకుంది, అడగలేదు, లాక్కోలేదు, తనదే అన్నట్టు తీసేసుకుంది. చివరి పేజీ తనే తిప్పింది.

తెల్ల గడ్డం. బల్ల. పెన్ను. ఎర్ర పువ్వు.

పిల్ల ఆ మొహాన్ని చూసి, తలెత్తి పొట్టి కుర్చీలో ఉన్న మొహాన్ని చూసింది. చాప మీద పిల్లలందరి తలలూ అటే తిరిగాయి. మనవడు కోటు అంచు పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

పిచ్చుక లేచి వెళ్ళి ఆయన మోకాళ్ళ ముందు నిలబడింది.

"తాళం వెయ్యమని మా నాన్నకి నువ్వే చెప్పావా?"